గోదాం నిబంధన ఎవరి కంటికి కనబడాలి

గోదాంలో పని ఏ కాలంలోనూ నిబంధన లేకుండా సాగలేదు. ఏ బస్తా ముందు దించాలి, ఎవరు దించాలి, ఎంతసేపట్లో దించాలి, దించినందుకు ఎంత ఇవ్వాలి, లారీ ఆలస్యమై మనిషి ఖాళీగా కూర్చుంటే ఆ కాలాన్ని ఎవరి నష్టం కింద రాయాలి? ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్నలకు జవాబులు పెట్టుకున్నారు. ఒకప్పుడు ఆ జవాబులు మేస్త్రి నోటిమాటగా ఉండేవి. తర్వాత కొన్నిచోట్ల యూనియన్‌తో కుదిరిన ఒప్పందంలోకి, మార్కెట్ కమిటీ రేట్ల పట్టికలోకి వచ్చాయి. గత కొన్ని దశాబ్దాల్లో చాలా పెద్ద గోదాముల్లో సాఫ్ట్‌వేర్‌లోకి చేరిపోయాయి. ఈ మార్పును కొందరు యంత్రం మనిషి మెడమీద ఎక్కిన కథగా చెబుతారు. మరికొందరు మేస్త్రి దౌర్జన్యం పోయి క్రమపద్ధతి వచ్చిన కథగా చెబుతారు. రెంటికీ ఆధారాలున్నాయి. కానీ గోదాం శ్రమ చరిత్రలో పదే పదే గొడవకు దారితీసిన సంగతి వేరే ఉంది. నిబంధన ఎంత కఠినం అన్నదానికంటే, అది ఎవరి ఒంటిమీద అమలవుతోందో వాళ్లకు కనబడుతోందా, లెక్క తప్పితే అడగడానికి ఒక చోటుందా అన్నదే అసలు తగాదా. సాఫ్ట్‌వేర్ కాలంలో ఆ తగాదా తీరలేదు సరికదా, మరింత లోతుకు పోయింది.

ముందు ఇప్పటి నిబంధన ఎలా పనిచేస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. గోదాం సాఫ్ట్‌వేర్‌లో బిజినెస్ రూల్ అంటే ఫలానా షరతులు కలిస్తే ఫలానా పని జరగాలని కంపెనీ రాసి పెట్టుకున్న వాక్యం. సరుకు బరువైనదైతే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అర్హత ఉన్నవారికే ఆ పని పంపు. మందులైతే గడువు ముందుగా తీరే పెట్టెను ముందు తీయించు. ఒక వరుసలో పని ముగించిన మనిషికి అదే వరుసలో తర్వాతి పని అప్పగించు. ఇవి పనిని పంచే నిబంధనలు. వీటి పక్కనే పనిని కొలిచే నిబంధనలుంటాయి. చేతిలో స్కానర్ పట్టుకున్న కార్మికుడికి ఒక పని వచ్చిందనుకుందాం. నడవాల్సిన దూరం, తీయాల్సిన పెట్టెల సంఖ్య, వాటి బరువు, నేలమీది అరకు వంగాలా, పై అరకు చెయ్యి చాచాలా అన్నవన్నీ కూడి, నీళ్లకూ అలసటకూ కొంత కలిపి, ఈ పనికి 24 నిమిషాలని సాఫ్ట్‌వేర్ ముందే లెక్క కట్టి ఉంటుంది. అతనికి 32 నిమిషాలు పట్టింది. 24ను 32తో భాగిస్తే 75 శాతం. ఆ రోజు అతని సామర్థ్యం అంతేనని సూపర్‌వైజర్ తెరమీద పడుతుంది. దారికి అడ్డంగా ఎవరో ప్యాలెట్ వదిలేసి పోయారు, దాన్ని తీయించేసరికి ఎనిమిది నిమిషాలు పోయాయి. ఆ జాప్యాన్ని నమోదు చేయడానికి ఒక కోడ్ ఉండి, అది నొక్కాలని అతనికి తెలిసి ఉంటే ఆ ఎనిమిది నిమిషాలు కంపెనీ ఖాతాలోకి పోతాయి. కోడ్ లేకపోయినా, ఉన్న సంగతి తెలియకపోయినా అవి అతని ఖాతాలో పడతాయి. ఆ 24 ఎక్కడినుంచి వచ్చిందో అతనికి ఎవరూ చెప్పరు. ఈ వ్యాసమంతా ఆ ఎనిమిది నిమిషాల గురించే అనుకోవచ్చు.

కొలతకూ పంపకానికీ మూలాలు చాలా పాతవి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కోష్ఠాగారాధ్యక్షుడి విధులకు ఒక అధ్యాయమే ఉంది. ధాన్యం దంచితే ఎంత మిగలాలి, వండితే ఎంత పెరగాలి అన్న లెక్కలు అందులో ఉన్నాయి. చివర్లో గిడ్డంగిలో పనిచేసేవారి జాబితా వస్తుంది. ఊడ్చేవాడు, కాపలావాడు, తూచేవాడు, కొలిచేవాడు, ఇచ్చేవాడు, ఇచ్చేటప్పుడు పర్యవేక్షించేవాడు, ఇలా సాగే ఆ జాబితాలో లెక్కపుల్లలు అందుకునేవాడు కూడా ఉన్నాడు. అంటే సరుకు లెక్కను పుల్లలతో పట్టేవారు. సరుకు మోసినవాడు ఆ పుల్ల చేతులు మారడాన్ని తన కళ్లతో చూసి ఉండాలి. ఆ కాలపు గిడ్డంగి కూలీకి న్యాయం జరిగిందని చెప్పడానికి ఇది చాలదు. ఆ జాబితాలోనే దాసులూ ఉన్నారు. లెక్క మాత్రం పనివాడి కళ్లముందు జరిగే వస్తువుగా ఉండేది, అంతే.

ఆ లెక్క కళ్లముందునుంచి తప్పుకున్నప్పుడు ఏం జరిగిందో 1889లో లండన్ రేవు చూపించింది. అక్కడ రోజూ పొద్దున గేటు దగ్గర కూలీలు గుంపుగా నిలబడేవారు. ఫోర్‌మన్ చేయి చూపినవాడికి పని, మిగతావారికి లేదు. పని దొరికినా గంటకు అయిదు పెన్నీలు, అదీ కొన్నిసార్లు గంటా రెండు గంటలే. దీనికి తోడు ప్లస్ అనే పద్ధతి ఒకటుండేది. లెక్కకట్టిన కాలం కంటే త్వరగా ఓడ ఖాళీ చేస్తే అదనంగా కొంత వస్తుంది. ఆ అదనం ఎంతో, ఎలా లెక్కకట్టారో కూలీలకు తెలిసే దారి లేదు; లెక్క డాక్ కంపెనీ కాగితాల్లో ఉండేది. ఆ ఆగస్టులో లేడీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఓడ దించిన పనికి ఈ ప్లస్ డబ్బు మీదనే తగాదా మొదలైంది. కొద్ది రోజుల్లో అది లండన్ రేవంతా ఆగిపోయిన సమ్మెగా మారింది. బెన్ టిల్లెట్ లాంటి నాయకులు పెట్టిన డిమాండ్లలో గంటకు ఆరు పెన్నీలన్నది అందరికీ గుర్తుండిపోయింది. మిగతా డిమాండ్లు అంతకంటే గమనించదగ్గవి. పిలిచినవాడికి కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలి. రోజుకు రెండుసార్లే పిలుపు ఉండాలి. కాంట్రాక్టు పద్ధతీ ప్లస్ పద్ధతీ పోవాలి. వేతనం పెంపు ఒక్కటే అయితే ఇది ధరల గొడవ. పిలుపు సమయం, కనీస గంటలు, అదనపు డబ్బు లెక్క కూడా బల్లమీదికి వచ్చాయి కాబట్టి ఇది నిబంధనల గొడవ. ఈనాటి భాషలో చెప్పాలంటే పనిని పంచే రూలునూ, కొలిచే రూలునూ బయటపెట్టమని అడిగిన సమ్మె అది. ఆస్ట్రేలియా కార్మికులు పంపిన చందాలతో అది నిలబడింది, ఆరు పెన్నీలు గెలిచింది.

సరిగ్గా పదేళ్ల తర్వాత, 1899లో, అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్ కంపెనీలో ఫ్రెడరిక్ టేలర్ ఇనుప దిమ్మెల మోతను కొలవడం మొదలుపెట్టాడు. ఒక్కో దిమ్మె 92 పౌండ్లు. నేలమీదినుంచి ఎత్తి, పలక మీదుగా నడిచి, రైలు బోగీలో వేయాలి. సగటున రోజుకు పన్నెండున్నర టన్నులు మోసే మనిషి సరైన పద్ధతిలో 47 టన్నులు మోయగలడని టేలర్ రాశాడు. అతను ష్మిట్ అని పేరు పెట్టి చెప్పిన కార్మికుడి కూలి రోజుకు 1.15 డాలర్లనుంచి 1.85 డాలర్లకు పెరిగింది. మోత దాదాపు నాలుగింతలు, కూలి అరవై శాతం. ఈ కథలో టేలర్ చెప్పిన వివరాలకూ కంపెనీ రికార్డులకూ పొంతన లేదని తర్వాతి చరిత్రకారులు చూపించారు. అయినా అతని కృషిలో ఒక నిజమైన జ్ఞానం ఉంది. అంత బరువు మోసే మనిషి పనిదినంలో 43 శాతం కాలమే మోతలో ఉండగలడని, మిగిలిన కాలం ఒళ్లు తేరుకోవాలని అతను లెక్క తేల్చాడు. విశ్రాంతిని సోమరితనంగా కాకుండా పనిలో భాగంగా కాగితం మీద పెట్టిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. నేటి సాఫ్ట్‌వేర్ నీళ్లకూ అలసటకూ కలిపే నిమిషాలకు మూలం ఇక్కడే ఉంది. ఇంత చేసినవాడు ఒక్కచోట తప్పాడు. దిమ్మెలు మోసేవాడికి ఈ శాస్త్రం అర్థమయ్యే బుద్ధి ఉండదని, వాడికి చెప్పింది చేయడమే తగునని అతను తన పుస్తకంలో నిస్సంకోచంగా రాశాడు. కొలత శాస్త్రం పుట్టినచోటే, కొలవబడేవాడు దాన్ని చదవనక్కర్లేదన్న తీర్మానమూ పుట్టింది.

దానికి జవాబు ఆలస్యం కాలేదు. 1911 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్‌తో తన పనిని కొలవనివ్వనని ఒక అచ్చుపోత కార్మికుడు మొరాయించాడు. అతన్ని తీసేశారు. తోటివారంతా బయటికి నడిచారు. అమెరికా కాంగ్రెస్ విచారణ జరిపి టేలర్‌ను పిలిపించి ప్రశ్నించింది. 1915లో సైన్యానికి నిధులిచ్చే చట్టంలోనే ఒక షరతు పెట్టి, ప్రభుత్వ ఆయుధశాలల్లో స్టాప్‌వాచ్ కొలతలను నిషేధించింది. అలాంటి నిషేధం 1949 దాకా కొనసాగింది. విచిత్రమేమంటే అది ముగుస్తున్న రోజుల్లోనే స్టాప్‌వాచ్ అవసరమే లేని పద్ధతి వచ్చింది. 1948లో హెరాల్డ్ మేనార్డ్, అతని సహచరులు ప్రచురించిన ఎం.టి.ఎం. పద్ధతి చెయ్యి చాచడం, పట్టుకోవడం, జరపడం, వదలడం లాంటి కదలికలకు ముందుగానే కాలాన్ని పట్టికలుగా ఇచ్చింది. గంటలో లక్షో వంతు, అంటే సెకనులో 0.036 వంతు, దాని కొలమానం. పక్కన గడియారం పట్టుకుని నిలబడే మనిషి మాయమయ్యాడు. ఉంటే అతనితో గొడవ పడొచ్చు. పట్టికతో ఎవరు గొడవ పడతారు? నేటి గోదాం ప్రమాణ కాలాల్లో చాలావాటికి ఇలాంటి పట్టికలే ఆధారం.

మన దేశంలో కథ మరో మలుపు తీసుకుంది. దాని గురించి మనం గర్వించాల్సినంతగా గర్వించలేదు. 1948లో డాక్ కార్మికుల ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. దానికింద పెద్ద రేవుల్లో ఏర్పడిన డాక్ లేబర్ బోర్డుల్లో ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కూర్చున్నారు. 1933లో తెరుచుకున్న మన విశాఖ రేవుకూ అలాంటి బోర్డు ఉండేది. కార్మికుల పేర్లు రిజిస్టరులో ఉండేవి. పని వరస ప్రకారం వచ్చేది. ఒక రోజు పని దొరికినవాడు వరస చివరికి వెళ్లేవాడు. హాజరై పని దొరకనివాడికి హాజరు భత్యం. పిలిచి, తీరా వచ్చాక ఓడ రాకనో వాన వల్లనో పని లేదంటే దానికీ కొంత పరిహారం. ఈ వరసను నడిపింది గుమాస్తాలూ రిజిస్టర్లే. నిజానికి ఇది పూర్తిస్థాయి నిబంధనల యంత్రం. కంప్యూటర్ లేదంతే. ప్యాలెట్ అడ్డమొచ్చి పోయిన ఎనిమిది నిమిషాలు ఎవరివన్న ప్రశ్నకు ఇక్కడ స్పష్టమైన జవాబుంది. పని లేకపోవడం పనివాడి తప్పు కాదు, దాని ఖర్చు వ్యాపారం భరించాలి. 1969లో మహారాష్ట్ర చేసిన మాథాడీ చట్టం ఇదే ఆలోచనను రేవుల బయటికి, బజార్లలోని హమాలీల దగ్గరికి తీసుకువెళ్లింది. అన్నాసాహెబ్ పాటిల్ నాయకత్వంలో సాగిన పోరాటం దాని వెనుక ఉంది. తెలుగునాట మార్కెట్ యార్డుల్లో హమాలీ, కాటా కూలీల రేట్లను అందరికీ తెలిసేలా నిర్ణయించే ఆనవాయితీ ఉంది. బస్తాకు దింపుడు ఎంత, కాటా పెట్టడానికి ఎంత, ఎగుమతికి ఎంత అన్నది గుంటూరు మిర్చి యార్డు హమాలీకి కంఠతా వచ్చు. రేటు చాలదని అతను సమ్మె చేయగలడు. ఎందుకంటే రేటు ఎంతో అతనికి తెలుసు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. రాతపూర్వక నిబంధనలు, బేరసారాలు మనల్ని ఎక్కడికి తీసుకువెళ్లాయో చూడమంటారు. 1965లో మొదలైన భారత ఆహార సంస్థ గోదాములనే ఉదాహరణగా చూపిస్తారు. ఆ సంస్థ తీరును పరిశీలించిన శాంతకుమార్ కమిటీ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం సంస్థ సొంత కార్మికుడిపై నెలకు సగటున సుమారు 79,500 రూపాయలు ఖర్చవుతుంటే, కాంట్రాక్టు కార్మికుడిపై అయ్యేది దాదాపు 10,000 రూపాయలే. 2014 ఆగస్టులో 300 మందికి పైగా కార్మికులు నెలకు నాలుగు లక్షలకు మించి అందుకున్నారు. నిర్ణీత సంఖ్యలో బస్తాలు దాటితే పెరుగుతూ పోయే ప్రోత్సాహక నిబంధనను వాడుకుని, ఒకరి పేరుమీద ఇతరుల పనిని రాయించడం దీనికి ఒక కారణం. కేరళలో నోక్కు కూలి ఇంకా అన్యాయం. యంత్రమో యజమానో సరుకు దించుకుంటే చూస్తూ నిలబడినందుకు కూలి వసూలు చేయడం అది. 2018లో కేరళ ప్రభుత్వమే దాన్ని నిషేధించింది. ఈ ఉదాహరణలు నిజమైనవి, వాటిని దాటవేయడం తప్పు. కానీ ఇవి ఏం రుజువు చేస్తున్నాయో జాగ్రత్తగా చూడాలి. ఆహార సంస్థలో చెడింది నిబంధన అందరికీ తెలియడం వల్ల కాదు. మొత్తం బస్తాలు ఎవరి భుజంమీదుగా పోయాయన్న లెక్క చీకట్లో ఉండటం వల్ల చెడింది. నిజంగా మోసిన మనిషి పేరు రికార్డులో లేదు. రికార్డులో ఉన్న మనిషి మోయలేదు. పైగా ఆ రోగం బయటపడింది కూడా లెక్కలు బయటికి తీయడం వల్లనే. అదే నివేదికలో పదివేలకు మోసిన కాంట్రాక్టు కూలీ గురించి ఎవరూ గుండెలు బాదుకోలేదు. అదే బస్తాకు అంత తక్కువ ఎందుకన్నదీ నిబంధనల ప్రశ్నే.

రెండో అభ్యంతరం సాఫ్ట్‌వేర్ తరఫున వస్తుంది, ఇది మరింత ఆలోచించదగ్గది. మేస్త్రికి బంధుప్రీతి ఉంటుంది, కులం ఉంటుంది, ఆడవాళ్లమీద చిన్నచూపు ఉంటుంది. లండన్ గేటు దగ్గర చేయి చూపిన ఫోర్‌మన్‌కూ తన ఇష్టాయిష్టాలు ఉండేవి. సాఫ్ట్‌వేర్‌కు ఇవేవీ ఉండవు. అందరికీ ఒకటే కొలత. బాగా పనిచేసేవాడి పని కనబడుతుంది. ఇది చాలావరకు నిజం. కష్టపడేవాడికి కొలత శత్రువు కాదు. అయితే నిష్పాక్షికత వచ్చేది ఒకే నిబంధనను అందరికీ వర్తింపజేయడం వల్ల మాత్రమే కాదు, ఆ నిబంధన సరైనదై ఉండటం వల్ల కూడా. వంగితే నడుం పట్టేసే నలభై ఐదేళ్ల మనిషికీ, ఇరవై రెండేళ్ల కుర్రాడికీ ఒకే 24 నిమిషాలు పెట్టినప్పుడు దాన్ని ప్రశ్నించే అవకాశం ఉంటేనే ఆ కొలత న్యాయమవుతుంది. బిజినెస్ రూల్స్ సాఫ్ట్‌వేర్ రంగం తన గురించి తాను చెప్పుకున్న మాటలూ ఇదే అంటున్నాయి. 1970ల చివర్లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మెక్‌డెర్మట్ డీఈసీ అనే కంప్యూటర్ల కంపెనీ కోసం తయారుచేసిన ఎక్స్‌కాన్ అనే ప్రోగ్రాము, వ్యాపార నిబంధనలను ప్రోగ్రామునుంచి విడదీసి రాసిన తొలి ప్రసిద్ధ ఉదాహరణ. వినియోగదారు అడిగిన వ్యాక్స్ కంప్యూటరుకు ఏయే భాగాలు కలపాలో అది తేల్చేది. 2003లో వెలువడిన బిజినెస్ రూల్స్ మ్యానిఫెస్టో ఇదే ఆలోచనను సూత్రీకరించింది. నిబంధనలు కోడ్‌లో పాతిపెట్టకూడదు, విడిగా, స్పష్టంగా, వ్యాపారంలో ఉన్నవారు చదివి అర్థం చేసుకునేలా ఉండాలి. గొప్ప సూత్రం. కానీ వ్యాపారంలో ఉన్నవారు అన్న మాటలో మేనేజరు చేరాడు, విశ్లేషకుడు చేరాడు, స్కానర్ పట్టుకున్నవాడు చేరలేదు. టేలర్ గీసిన గీతే మళ్లీ.

నిబంధనలు బయటపెడితే పోటీదారులు కాపీ కొడతారని, కార్మికులు లొసుగులు వెతుకుతారని కంపెనీలు అంటాయి. బయటపెట్టమని చట్టం అడిగినచోట ఏమైందో చూద్దాం. కాలిఫోర్నియా ఏబీ 701 చట్టం 2022 జనవరి 1నుంచి అమల్లో ఉంది. పెద్ద గోదాముల్లో కోటా ఎంతో ప్రతి కార్మికుడికీ రాతపూర్వకంగా చెప్పాలి. భోజనానికీ మరుగుదొడ్డికీ వీలు లేనంత కోటా చెల్లదు. కార్మికుడు అడిగితే గత 90 రోజుల తన పనివేగం లెక్క ఇవ్వాలి. న్యూయార్క్, మిన్నెసోటా రాష్ట్రాల్లో కూడా 2023లో అలాంటి చట్టాలు అమల్లోకి వచ్చాయి. దీనివల్ల అక్కడి గోదాం వ్యాపారం ఆగిపోలేదు. ఫ్రాన్స్‌లో సమాచార రక్షణ సంస్థ సీఎన్ఐఎల్ 2023 డిసెంబరులో అమెజాన్ గోదాముల విభాగానికి 3.2 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ తీర్పు బయటికి వచ్చాక అక్కడి స్కానర్ల లోపలి కొలతలు అందరి దృష్టికీ వచ్చాయి. ఒక వస్తువును స్కాన్ చేసిన 1.25 సెకన్లలోపే మరొకటి స్కాన్ చేస్తే ఒక తప్పు. పది నిమిషాలు స్కానర్ ఆగితే ఒక గుర్తు. ఒక నిమిషం నుంచి పది నిమిషాల లోపు ఆగితే మరో గుర్తు. తొందరపడ్డా రికార్డే, ఆగినా రికార్డే. కంపెనీ ఆ తీర్పుతో విభేదించింది, ఇవి రంగమంతటా ఉన్నవేనని, నాణ్యతకూ భద్రతకూ అవసరమని వాదించింది. అవసరమే కావచ్చు. అవసరమైన నిబంధనను దాచాల్సిన పని మాత్రం లేదు.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. 2024 వేసవిలో హర్యానాలోని మానేసర్ అమెజాన్ గోదాంలో ఆరు లారీలు ఖాళీ చేసేదాకా నీళ్లకూ మరుగుదొడ్డికీ వెళ్లబోమని కార్మికుల చేత ప్రతిజ్ఞ చేయించారన్న వార్తలపై జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు జారీ చేసింది. ఉత్తర భారతం వడగాడ్పులతో ఉడికిపోతున్న రోజులవి. హైదరాబాదు చుట్టూ మేడ్చల్, శంషాబాద్, షాద్‌నగర్ వైపు గోదాములు విస్తరించాయి. మన పిల్లలు, ఒడిశా, బీహార్ పిల్లలు వాటిలో పనిచేస్తున్నారు. యార్డులో హమాలీకి ఉన్న రేట్ల పట్టిక వీళ్లకు లేదు. ఇది ఇవ్వడానికి పెద్ద యంత్రాంగమేమీ అక్కర్లేదు. ఏ పనికి ఎన్ని నిమిషాలు, ఆ నిమిషాల్లో విశ్రాంతి వాటా ఎంత, ఏ కారణంగా జాప్యమైతే అది కంపెనీ ఖాతాలోకి పోతుంది, లెక్క తప్పనిపిస్తే ఎన్నిరోజుల్లో ఎవరిని అడగాలి అన్నవి తెలుగులో, హిందీలో, ఒడియాలో గోదాం గేటు దగ్గర అతికించాలి. మార్కెట్ కమిటీ చేయగలిగిన పని ఇంత సాఫ్ట్‌వేర్ ఉన్న కంపెనీలకు కష్టం కాదు. దాన్ని చట్టంగా రాయవలసింది రెండు తెలుగు రాష్ట్రాల కార్మిక శాఖలు. రాసేటప్పుడు బల్లకు ఒకవైపు స్కానర్ పట్టుకున్నవారిని కూర్చోబెట్టాలి, విశాఖ రేవులో ఒకప్పుడు కూర్చోబెట్టినట్టే.